సీమ ఎండలో తుప్పు ఎక్కడిది?

ఈ సంచికకు "ఏదైనా టెక్నికల్ టాపిక్, కానీ తెలుగులో" అని క్లబ్బు వాళ్ళు అడిగారు. మా బ్రాంచి వాళ్ళందరూ ఏఐ మీదే రాస్తారని తెలుసు కాబట్టి నేను రేకు మీద రాస్తున్నా. పాత కారు బాడీకి తుప్పు ఎందుకు పడుతుంది, పడితే ఎలా బాగుచేస్తారు, పట్టకుండా ఏం చేయాలి అన్నది విషయం. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే. అందుకని ఇందులో సగం మాటలు ఫస్ట్ ఇయర్ కెమిస్ట్రీ పుస్తకంవి, మిగతా సగం కర్నూలులో ఒక టింకరింగ్ షెడ్డులో రెండు వేసవి సెలవుల్లో విన్నవి. రెండోవే నాకు ఎక్కువ పనికొచ్చాయి.

మన వైపు కారుకు తుప్పు అంటే నవ్వేవాళ్ళున్నారు. సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్తే, వైజాగ్ బండో చెన్నై బండో అయితే "సముద్రం గాలి తిన్న బండి, వద్దులే" అంటారు. కర్నూలు, కడప రిజిస్ట్రేషన్ అయితే "ఎండ బండి, రేకు గట్టిగా ఉంటాది" అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. ఇనుము తుప్పు పట్టాలంటే నీళ్ళూ కావాలి, ఆక్సిజనూ కావాలి. గాలిలో తేమ సుమారు 60 శాతం కన్నా తక్కువుంటే శుభ్రమైన ఇనుము మీద తుప్పు దాదాపు నడవదు. ఉప్పు తోడైతే వేగం పెరుగుతుంది. తమిళనాడు కారైకుడిలో ఉన్న సెక్రీ అనే కేంద్ర పరిశోధన సంస్థ దేశం మొత్తానికీ తుప్పు పటం ఒకటి తయారుచేసింది, వాన పటంలాగే. అందులో సముద్రతీరం ఒక లెక్క, లోపలి ఎండు ప్రాంతాలు ఇంకో లెక్క. ఏడాదికి 600, 700 మిల్లీమీటర్ల వాన పడే మన జిల్లాలు సహజంగానే మంచి వైపున్నాయి.

మరి షెడ్డుకు వచ్చే కార్లన్నిటికీ కింద బొక్కలెందుకున్నాయి?

నాకు అక్కడ మొదట కనిపించిన ప్యాటర్న్ ఇది. సీమ కారుకు టాపు, బానెట్ రంగు వెలిసిపోయి ఉంటాయి కానీ రేకు బాగుంటుంది. తినేసేది ఎప్పుడూ కిందే. కాళ్ళ దగ్గర ఫ్లోరు, తలుపుల అడుగు అంచు, స్టెప్నీ పెట్టే గుంత, బ్యాటరీ కింద పళ్ళెం, తలుపు తీసి కాలు పెట్టేచోట పొడుగ్గా డబ్బాలా ఉండే ఫుట్‌బోర్డ్. అంటే వాన తగిలే చోట కాదు, నీళ్ళు నిలిచే చోట. పైన పడ్డ నాలుగు చినుకుల్ని మన ఎండ గంటలో ఆరబెడుతుంది. లోపల కార్పెట్ కింద చేరిన గ్లాసుడు నీళ్ళ దగ్గరికి ఆ ఎండ చేరదు.

"తినేసింది" అన్న మాట గురించి ఒక ముక్క చెప్పాలి. మా జేజి రాగి చెంబుకు పట్టేదాన్ని చిలుము అంటుంది, ఇనప పెనానికి పట్టేదాన్ని తుప్పు అంటుంది, ఒకదాని బదులు ఇంకోటి వాడితే ఒప్పుకోదు. జేజికి తెలీకుండానే అందులో కెమిస్ట్రీ ఉంది. రాగి మీది చిలుము గట్టిగా అంటుకుని కింది లోహాన్ని చాలావరకు కాపాడుతుంది. ఇనుము మీది తుప్పు గుల్లగా ఉంటుంది, పొరలుగా రాలుతుంది, కింద కొత్త ఇనుమును మళ్ళీ గాలికీ నీళ్ళకీ అప్పజెబుతుంది. షెడ్డులో ఈ రెండు మాటలూ వాడరు. "కింద తినేసింది సార్" అంటారు. ఆనోడ్ దగ్గర లోహం అయాన్లుగా మారి కరిగిపోతుందని మన పుస్తకం ఒక పేరా రాసినదానికి ఇంతకన్నా మంచి తెలుగు నాకు దొరకలేదు.

ఆ పుస్తకంలోనే డిఫరెన్షియల్ ఏరేషన్ అని ఒక టాపిక్ ఉంది, పరీక్షకి నాలుగు మార్కులకు చదివి వదిలేసేది. కారు విషయంలో అసలు కథ అదే. ఒకే రేకు మీద ఒకచోట తడి మట్టి అంటుకుని ఉంది, పక్కన ఖాళీగా ఉంది అనుకోండి. ఆక్సిజన్ ఎక్కువ తగిలే ఖాళీ చోట రేకు తినబడుతుందని మనం అనుకుంటాం. జరిగేది తలకిందులు. ఆక్సిజన్ తక్కువున్న చోటు, అంటే మట్టి కింది భాగం ఆనోడ్ అవుతుంది, అక్కడి ఇనుమే కరుగుతుంది. ఎలక్ట్రాన్లు రేకులోంచే పక్కకు నడిచి, గాలి బాగా తగిలే చోట ఆక్సిజన్‌తో కలుస్తాయి. అందుకే తుప్పు ఎప్పుడూ దాక్కున్న చోట లోతుగా వెళ్తుంది. రేకు మడతల్లో, రెండు రేకులు అతికిన సందుల్లో, మట్టి అట్టకట్టిన మూలల్లో. పైగా తుప్పు ఆక్రమించే చోటు, అది పుట్టిన ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు. రంగు కింద బొబ్బ లేచేది ఆ ఒత్తిడికే. బొబ్బ మీకు కనిపించేసరికి లోపల పని చాలా అయిపోయి ఉంటుంది.

నీళ్ళు మనమే తెస్తున్నాం

ఇక సీమలో ఆ నీళ్ళు ఎక్కడివి అన్నది ప్రశ్న. ఆకాశం నుంచి వచ్చేవి తక్కువ.

మొదటిది ఏసీ. కడపలో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో గాలిలో తేమ 25 శాతమే ఉందనుకుందాం. ఇంత ఎండు గాలిలో నీళ్ళేముంటాయి అనిపిస్తుంది. నేను పైథాన్‌లో నాలుగు లైన్లు రాసి లెక్కేస్తే ఆ గాలికి డ్యూ పాయింట్ దాదాపు 16 డిగ్రీలు వచ్చింది. కారు ఏసీలో చల్లబడే కాయిల్ అంతకన్నా చాలా చల్లగా ఉంటుంది. కాబట్టి చుక్క వాన లేని మే నెలలో కూడా కారులో నీళ్ళు పుడుతూనే ఉంటాయి. అవి డ్యాష్‌బోర్డు వెనక నుంచి చిన్న రబ్బరు గొట్టం ద్వారా రోడ్డు మీదికి కారిపోవాలి. మన దుమ్ముకు ఆ గొట్టం మూసుకుపోతే నీళ్ళు డ్రైవరు పక్క సీటు ముందు కార్పెట్ కిందికి దిగుతాయి. కార్పెట్ కింద స్పాంజిలాంటి పొర ఉంటుంది, అది నెలల తరబడి ఆరదు. "కారులో ఏదో ముక్క వాసన" అని అగరుబత్తి వాసన డబ్బా కొని తగిలించేవాళ్ళలో చాలామందికి కావాల్సింది ఆ గొట్టంలోకి ఒక తీగ.

రెండోది నాకు ఎవరూ పుస్తకంలో చెప్పనిది. ఎరువు. మన పల్లెల్లో కారు అంటే పెళ్ళిళ్ళకే కాదు, యూరియా, డీఏపీ, పొటాష్ మూటలు డిక్కీలో వేసుకొచ్చేదీ అదే. మూట కుట్టు దగ్గర నాలుగు గింజలు రాలితే ఎవరు పట్టించుకుంటారు? మనం చల్లే పొటాష్ ఎక్కువగా పొటాషియం క్లోరైడ్, అంటే సముద్రపు ఉప్పుకు దగ్గర బంధువు. యూరియా, పొటాష్ విడివిడిగా అయితే గాలిలో తేమ 70, 85 శాతం దాటినప్పుడు నీళ్ళు లాక్కుంటాయి. రెండూ కలిసి పడితే 60 శాతం దగ్గరే మొదలుపెడతాయి. సెప్టెంబరు రాత్రుళ్ళు మన దగ్గర ఆ తేమ మామూలే. అంటే డిక్కీ మూలలో రాలిన గుప్పెడు ఎరువు, వాన లేకుండానే గాలి నుంచి ఉప్పునీళ్ళు తయారుచేసుకుని రేకు మీద కూర్చుంటుంది. సముద్రం మనకు చాలా దూరంలో ఉందని ధీమాగా ఉంటాం. డిక్కీలో మాత్రం చిన్న సముద్రం ఉంటుంది.

మూడోది కడగడం. బోరు నీళ్ళతో కడిగి ఎండలో వదిలేస్తే తెల్లటి మచ్చలు మిగులుతాయి కదా, అవి నీళ్ళు పోయాక మిగిలిన ఉప్పులు. తాగే నీళ్ళలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం చెబుతుంది. కారు కడిగే బోరుకు ఈ పరీక్ష ఎవరూ చేయరు. పైపైన మచ్చలు తుడిస్తే పోతాయి. తలుపు అద్దం సందులోంచి లోపలికి దిగిన నీళ్ళకు మాత్రం తలుపు అడుగున రెండు మూడు చిన్న చిల్లులే దారి. ఎర్రమట్టి, వేపాకు, చింతాకు కలిసి వాటిని మూసేస్తాయి. నీడ కోసం చింతచెట్టు కింద ఆపడం మన సంప్రదాయం, తప్పనలేం. కానీ ఆ చిన్న ఆకు వైపర్ల కింది జాలీలోంచి దూరి అక్కడే కుళ్ళుతుంది.

ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర ఉండేవాళ్ళకు ఇంకో తలనొప్పి. సిమెంటు దుమ్ము రాత్రి మంచుకు తడిసి పొద్దునకు రంగు మీద గట్టిపడుతుంది. పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. మంచినీళ్ళు ధారాళంగా పోసి నానబెట్టి తీయడమే దారి. గీత రంగు దాటి ప్రైమర్ దాటి రేకుకు తగిలిందా, మళ్ళీ కథ మొదటికి.

హంద్రి మట్టి

నాలుగోది వరద. కరువు జిల్లాల వ్యాసంలో వరద ఏమిటంటే, 2009 అక్టోబరు 2 గురించి కర్నూలు వాళ్ళను అడగండి. తుంగభద్ర, హంద్రి రెండూ ఒకేసారి పొంగి ఊళ్ళోకి వచ్చాయి. నాకప్పుడు మూడేళ్ళు, గుర్తు లేదు. మా పెద్దనాయన 2005 మోడల్ మారుతి 800 పాతబస్తీలో ఇంటి ముందు మునిగింది. నీళ్ళు తీశాక ఇంజన్ విప్పారు, ఆయిల్ మార్చారు, సీట్లు ఎండబెట్టారు, కొత్త కార్పెట్ వేశారు. బండి ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఒక్క రోజు ఆగలేదు. 800 గురించి తెలిసినవాళ్ళు దీనికి ఆశ్చర్యపోరు. 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరిలో తయారీ ఆగే వరకు ఆ కారు పేరు తెచ్చుకున్నదే ఆ మొండితనంతో.

రెండేళ్ళ కిందట కర్నూలు నుంచి కడపకు వస్తుంటే ఆళ్ళగడ్డ దాటాక టైరు పంక్చరైంది. నేను జాకీ పెట్టి తిప్పుతున్నా. జాకీ లేస్తోంది, కారు లేవట్లేదు. వంగి చూస్తే జాకీ ఫుట్‌బోర్డ్ రేకులోకి దిగిపోతోంది, అప్పడంలోకి వేలు దిగినట్టు. అక్కడ అంతకు రెండేళ్ళ ముందే రంగు వేయించారు. పైకి అద్దంలా మెరుస్తోంది.

షెడ్డులో భాయ్ ఆ రంగు గీకి చూపించాడు. ముందు రంగు, దాని కింద వేలెడు మందం లప్పం, దాని కింద ఉండ చుట్టి కుక్కిన న్యూస్‌పేపరు. రేకు అన్నది లేదు. ఎవరు చేశారన్నది వదిలేద్దాం, ఇలా చేసే షాపులు అన్ని ఊళ్ళలోనూ ఉన్నాయి, చవగ్గా కావాలని అడిగే మనమూ ఉన్నాం. మన భాషలో చెప్పాలంటే ఎర్రర్‌ను ఫిక్స్ చేయకుండా ఖాళీ క్యాచ్ బ్లాక్ పెట్టడం. స్క్రీన్ మీద ఎరుపు కనిపించదు, అంతే.

పెద్దనాయన అప్పటికీ అడిగాడు, "మళ్ళీ లప్పమే పెట్టి రంగు కొడితే కాదా భాయ్, అమ్మాయి నేర్చుకోడానికే గదా" అని. అమ్మాయి అంటే మా అక్క, నంద్యాలలో టీచరు, డ్రైవింగ్ నేర్చుకోవడానికి ఆ కారే ఇద్దామని ఆయన ఉద్దేశం. భాయ్ చెప్పిన జవాబు ఇది: "కొడితే అయితాది సార్. రెండు వానలకు మళ్ళా వస్తాది. అది కాదు సంగతి. సీటుబెల్టు బోల్టు ఈడనే బిగించి ఉంది, చూడండి. బెల్టు మనిషిని పట్టుకుంటాది. బెల్టును ఎవరు పట్టుకోవాల? పేపరు పట్టుకుంటాదా?"

ఇది అందరూ అర్థం చేసుకోవాల్సిన విషయం. ఇలాంటి కార్లకు జీపుల్లా విడిగా ఛాసిస్ ఉండదు. ఫ్లోరు, ఫుట్‌బోర్డ్, స్తంభాలు అన్నీ కలిసి మడిచిన రేకు డబ్బానే దాని ఎముకలు. ఆ రేకు మందం ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ. తలుపు అంచున బొబ్బ వస్తే అది అందం సమస్య. ఫుట్‌బోర్డ్, సీటు బిగించే చోటు, బెల్టు బోల్టు, ముందు సస్పెన్షన్ పైకొచ్చి ఆనే చోటు, వీటిలో ఏది తిన్నా అది ప్రాణం సమస్య.

ఫుట్‌బోర్డ్ కోసినప్పుడు లోపలి నుంచి పొడి మట్టి రాలింది. రెండు మూడు దోసిళ్ళుంటుంది. బూడిద రంగులో, ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా. ఎర్రమట్టి కాదు. వరద మట్టి అని పెద్దనాయన చూడగానే పోల్చుకున్నాడు. ఇంట్లో గోడలకు ఆ మట్టిని ఎన్ని రోజులు కడిగారో ఆయనకు గుర్తుంది. 2009లో కార్పెట్ మార్చారు, ఇంజన్ కడిగారు, మూసి ఉన్న డబ్బా లోపలికి ఎవరూ చూడలేదు. ఆ మెత్తటి మట్టి ప్రతి వానాకాలం తేమ పీల్చుకుని, ప్రతి ఎండాకాలం మెల్లగా ఆరి, మళ్ళీ పీల్చుకుని, పద్నాలుగేళ్ళు లోపలి నుంచి తింటూనే ఉంది.

బాగుచేయడం

పని చేసే పద్ధతి తుప్పు ఎంత దూరం వెళ్ళిందన్న దాన్ని బట్టి ఉంటుంది. కానీ అన్నిటికన్నా ముందు నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో పట్టుకుని ఆపాలి. ఏసీ గొట్టం బాగుచేయకుండా ఫ్లోరు వెల్డింగ్ చేయిస్తే డబ్బులు దండగ.

పైపైన ఎర్రగా కనిపించే తుప్పు, గీతల దగ్గరిది, ఇంట్లోనే చేసుకోవచ్చు. సబ్బునీళ్ళతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. వైర్ బ్రష్, తర్వాత 80 నంబరు ఉప్పు కాగితంతో మెరిసే ఇనుము కనబడేదాకా రుద్దాలి. మచ్చ దాకా మాత్రమే కాదు, చుట్టూ ఒక అంగుళం దాకా. రంగు కింద తుప్పు మనకు కనిపించేదానికన్నా ఎప్పుడూ కొంచెం ముందుకే వెళ్ళి ఉంటుంది. తర్వాత 180, 320 నంబర్లతో రంగు అంచును మెట్టు లేకుండా నునుపు చేయాలి. వేలితో తడిమితే అంచు తగలకూడదు.

చిన్న చిన్న గుంతల్లో నల్లగా మిగిలిన తుప్పు కాగితానికి రాదు. దానికి రస్ట్ కన్వర్టర్ అని అమ్ముతారు. వాటిలో ముఖ్యంగా రెండు రకాల మందులుంటాయి. ఒకటి ఫాస్ఫారిక్ ఆమ్లం. అది తుప్పును ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది, అది గట్టిగా అంటుకుని ఉండే పొర. ఢిల్లీ ఇనుప స్తంభం పదహారు వందల ఏళ్ళుగా నిలబడటానికి కారణం కూడా ఈ కుటుంబమే అని ఐఐటీ కాన్పూర్‌లో ఆర్. బాలసుబ్రమణ్యం చేసిన పరిశోధన చెబుతుంది. ఆ ఇనుములో ఫాస్ఫరస్ ఎక్కువ, దానివల్ల పైన కాపాడే పొర ఏర్పడింది. కూల్‌డ్రింకులో కూడా ఇదే ఆమ్లం ఉంది కదా అని వీడియోల్లో పోసి చూపిస్తుంటారు. ఉంది, కానీ చాలా పలచగా. చక్కెర జిగురు మాత్రం బోనస్.

రెండో రకం టానిన్. అది పూసిన కాసేపటికి ఎర్ర తుప్పు నీలి నలుపుకు మారుతుంది. మొదటిసారి చూసినప్పుడు ఏదో మ్యాజిక్ అనుకున్నా. తర్వాత తెలిసింది, మన శ్రీకాళహస్తిలో కలంకారీ వాళ్ళు ఎప్పటి నుంచో చేస్తున్నది ఇదే. బట్టను కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళలో కొన్ని రోజులు నానబెడతారు. ఆ నీళ్ళతో బట్ట మీద గీత గీస్తే నల్లగా తేలుతుంది. కరక్కాయలో టానిన్, నీళ్ళలో ఇనుము, రెండూ కలిస్తే నలుపు. కలంకారీ నల్ల గీతా, మా పెద్దనాయన కారు ఫ్లోరు మీది నల్ల మచ్చా రసాయనంలో చుట్టాలు. ఈ వ్యాసం సాహిత్య క్లబ్బు పత్రికలో రావడానికి నాకున్న సాకు ఇదొక్కటే అనుకోండి.

కన్వర్టర్ ఆరాక, లేదా శుభ్రమైన ఇనుము కనబడ్డాక, థిన్నర్ గుడ్డతో తుడిచి ఎపాక్సీ ప్రైమర్ వేయాలి. ఆమ్లం రకం కన్వర్టర్ అయితే ఎంతసేపు ఉంచాలి, కడగాలా వద్దా అన్నది డబ్బా మీద చూసే చేయండి, మిగిలిన ఆమ్లం మీద ఎపాక్సీ సరిగా పట్టదు. మామూలు ప్రైమర్, సర్ఫేసర్ లాంటివి గుల్లగా ఉంటాయి, వాటిలోంచి తేమ దిగుతుంది. ఎపాక్సీ దిగనివ్వదు. సొట్ట పూడ్చడానికి లప్పం కావాల్సి వస్తే ఆ ఎపాక్సీ మీదే పలచగా పెట్టాలి. లప్పంలో ఉండేది సుద్దలాంటి పొడి, నీళ్ళు పీలుస్తుంది, అందుకే దాన్ని బొక్క మూయడానికి వాడకూడదు. పైన సర్ఫేసర్, 400 నుంచి 800 దాకా నీళ్ళ కాగితం, రంగు, చివర క్లియర్ కోటు. చేతికి గ్లౌజులు, కళ్ళకు అద్దాలు, ముక్కుకు మాస్కు పెట్టుకోండి. షెడ్డులో ఎవరూ పెట్టుకోరు, వాళ్ళ దగ్గు వింటే మీరు పెట్టుకుంటారు.

మన వాతావరణం ఇక్కడ ఒక మేలూ ఒక కీడూ చేస్తుంది. సముద్రం పక్కన గీకిన ఇనుము సాయంత్రానికే మళ్ళీ ఎర్రబడుతుంది, మన దగ్గర కాస్త టైమిస్తుంది. అయినా రాత్రంతా వదిలేయవద్దు. కీడు ఏంటంటే ఎండలో థిన్నర్ తుపాకీ నుంచి రేకు చేరేలోపే ఆవిరవుతుంది, రంగు పొడిపొడిగా పడి ఇసుకలా గరుకుగా మిగులుతుంది. పైగా గాలి దుమ్ము. భాయ్ వేసవిలో స్ప్రే పని పొద్దున తొమ్మిదిలోపు, నేల మీద నీళ్ళు చల్లి చేసేవాడు.

బొక్క పడితే మాత్రం అతుకే. గట్టి రేకు తగిలే దాకా కోసేయాలి, అదే మందం కొత్త రేకు పెట్టి వెల్డింగ్ చేయాలి. పాత పద్ధతి గ్యాస్ వెల్డింగ్ వేడికి పల్చటి రేకు వంకర్లు పోతుంది, వెనక వైపు రంగు చాలా దూరం కాలిపోతుంది, కొత్త తుప్పు అక్కడే మొదలవుతుంది. సీఓటూ వెల్డింగ్ అయితే చుక్క ఇక్కడ ఒకటి, అక్కడ ఒకటి పెట్టుకుంటూ వేడి పెరగకుండా చేయొచ్చు. ముందు బ్యాటరీ తీగ పీకేయాలి, కార్పెట్, సీట్లు బయట పెట్టాలి, పెట్రోలు ట్యాంకు పైపులు ఎక్కడున్నాయో చూసుకోవాలి. బకెట్ నీళ్ళు పక్కన లేకుండా భాయ్ ఎప్పుడూ మొదలుపెట్టలేదు.

చాలామంది వదిలేసేది ఆ తర్వాతి పని. అతుకు సందులకు సీలర్ పూయాలి, మూసేసిన డబ్బా లోపలికి పైపుతో మైనం రకం మందు కొట్టాలి. బయటి రంగు ఎంత బాగున్నా, వెల్డింగ్ వెనక వైపు కాలిన ఇనుము దిగంబరంగానే ఉంటుంది. పాత ఇంజన్ ఆయిల్ కొట్టడం మన దగ్గర పాత అలవాటు. అస్సలు ఏమీ లేకపోవడం కన్నా నయమేమో గానీ కారుతుంది, దుమ్ము పట్టిస్తుంది, రబ్బర్లు ఉబ్బుతాయి, నేల పాడవుతుంది. ఇంకో ప్రమాదం అడుగున కొట్టే నల్లటి అండర్‌కోటింగ్. శుభ్రమైన రేకు మీద కొడితే మంచిది. ఉన్న తుప్పు మీదే కొడితే అది మూత. పగులులోంచి దూరిన నీళ్ళు బయటికి రాలేవు, మనకు లోపల ఏం జరుగుతుందో కనపడదు.

ఖర్చు సంగతి నేను తేల్చలేను, ఒక్కో కారుది ఒక్కో లెక్క. ఒకటి మాత్రం కలుపుకోండి. సొంత కారుకు 15 ఏళ్ళు దాటాక ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5000 రూపాయలైంది, 20 ఏళ్ళు దాటినవాటికి 2025లో ఇంకా పెంచారు. ఎముకలు పోయిన కారుకు రంగు, రెన్యువల్ రెండూ చేయిస్తే ఆ డబ్బుతో ఇంకో గట్టి పాత కారే వచ్చేస్తుంది. పెద్దనాయన కారుకు ఒకవైపే తిన్నది, అందుకే చేయించాం.

పట్టకుండా

దీనికి పెద్ద ఖర్చు లేదు. నెలకోసారి నాలుగు తలుపుల అడుగు చిల్లుల్లో చీపురుపుల్ల ఆడించండి. ఏసీ వేసి అరగంట తిరిగి ఆపినప్పుడు కారు కింద నీళ్ళ చుక్కలు కనిపించాలి, కనిపించకపోతే అవి లోపలికి వెళ్తున్నాయని అనుమానించండి. వైపర్ల కింది ఆకు తీసేయండి. ఎరువు తేవాల్సి వస్తే కింద టార్పాలిన్ పరచండి, తెచ్చిన రోజే డిక్కీ ఊడ్చి తడిగుడ్డతో తుడిచి మూత తెరిచి ఆరబెట్టండి. బ్యాటరీ చుట్టూ తెల్లపొడి చేరితే వంటసోడా కలిపిన నీళ్ళు పోసి కడగండి. కవరు కప్పితే గాలి ఆడే గుడ్డ కవరు వాడండి, ప్లాస్టిక్ కవరు రాత్రి తేమను లోపలే బంధిస్తుంది.

హాస్టల్లో నలుగురైదుగురు కలిసి పాత కారు కొనుక్కుందాం అనుకునే బ్యాచ్‌లు ప్రతి ఏడాదీ ఉంటాయి. వాళ్ళకు. "సీమ బండి" అన్న మాట నమ్మి కొనొద్దు. బండి నంబరు ఏ ఊరిదైనా, అది ఎక్కడెక్కడ నిలబడిందో నంబరు చెప్పదు. చెన్నైలో 2015 డిసెంబరు, హైదరాబాద్‌లో 2020 అక్టోబరు, మనకే 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు ఊళ్ళు మునిగిన రోజు, విజయవాడలో 2024 సెప్టెంబరు బుడమేరు. మునిగిన కార్లు కడిగి, తుడిచి, చవగ్గా వేరే ఊళ్ళకు చేరతాయి.

చూడ్డానికి వెళ్ళేటప్పుడు జేబులో ఒక పల్చటి ఫ్రిజ్ అయస్కాంతం, ఒక పాత గుడ్డ, ఒక స్క్రూడ్రైవర్ ఉంటే చాలు. గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని తలుపుల కింద, చక్రాల చుట్టూ జరపండి. పట్టు వదిలిన చోట రేకు లేదు, లప్పం ఉంది. ఫుట్‌బోర్డ్ కింద స్క్రూడ్రైవర్ పిడితో కొట్టండి. గట్టి రేకు టంగుమంటుంది, తిన్నది పిండిబస్తాలా మూగగా పలుకుతుంది. అమ్మేవాళ్ళు ఒప్పుకుంటే ముందు కార్పెట్ ఒక మూల లేపి చెయ్యి పెట్టండి. స్టెప్నీ తీసి కింది గుంత చూడండి. చివరగా నాలుగు సీటుబెల్టులూ ఆఖరి దాకా లాగండి. మామూలుగా ఎవరూ అంత దూరం లాగరు, కడిగేవాళ్ళు కూడా. మునిగిన బండి అయితే చుట్టలో అడుగున ఉండే ఆ చివరి జానెడు బెల్టు మీద మట్టి గీత ఇంకా ఉంటుంది.